కర్రోడు అవతలి ఒడ్డున ఉన్నాడు

మా ఊరు వైనతేయ గోదావరి ఏటిగట్టు కింద ఉంటుంది. ‘గట్టు కింద’ అంటే కోనసీమ బయటివాళ్ళకి సరిగ్గా అర్థం కాదు. గట్టుకి అటు గోదారి, ఇటు మేము. మామూలు రోజుల్లో గట్టెక్కి చూస్తే ఏరు ఎక్కడో కింద ఇసక మేటల మధ్య సన్నటి పాయలా కనిపిస్తుంది. వరదొస్తే మాత్రం నీళ్ళు మా ఇళ్ళ చూరు కంటే ఎత్తున నడుస్తాయి. మధ్యలో ఆ మట్టికట్ట ఒక్కటే అడ్డం. నా చిన్నప్పుడు జులైలో ఎర్రనీరు దిగిందంటే చాలు, మగవాళ్ళు లాంతర్లు పుచ్చుకుని రాత్రుళ్ళు గట్టు మీద తిరిగేవారు, ఎక్కడైనా ఎలక బొరియలోంచి నీరు ఊరుతోందేమోనని.

1986 ఆగస్టులో అలా కాపలా కాసినా లాభం లేకపోయింది. మాకు ఎగువన గట్టు తెగింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ నెల 16న అక్కడ నడిచింది 35 లక్షలు. ఈ లెక్కలన్నీ నేను పెద్దయ్యాక చదువుకున్నవి. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాకు తెలిసింది ఒకటే: ఆ వరదలో మా కర్రోడు ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాడు.

కర్రోడు మా కుక్క. మా కుక్క అనడం కూడా కొంచెం ఎక్కువే. ఎవరూ తెచ్చి పెంచింది కాదు. కొబ్బరి దింపుల వాళ్ళ వెనకాల వచ్చి, వాళ్ళు వెళ్ళిపోయినా వెళ్ళలేదు. మా మామ్మ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక ముద్ద కలిపి పెరట్లో జామచెట్టు కింద పెట్టేది. “మనుషులకే లేకపోతే కుక్కకా” అని మా పెదనాన్న ఒకసారి గొణిగితే, “లంకల గన్నవరం పక్కన పుట్టి ఆ మాటెలా అన్నావురా? సీతమ్మగారు అర్ధరాత్రి వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టిందే, నేను పగటిపూట ముద్ద పెట్టలేనా?” అని కడిగేసింది. డొక్కా సీతమ్మగారు పోయింది 1909లో. మా మామ్మ ఆవిణ్ణి చూసింది లేదు. కానీ మా వైపు ఎవరు ఎవరికి అన్నం పెట్టినా, ఎవరు పెట్టకపోయినా ఆవిడ పేరు రావలసిందే.

కర్రోడికి ఒక వింత గుణం ఉండేది. నేల మీద ఎవరు నడిచి వచ్చినా కిక్కురుమనేవాడు కాదు, దొంగ వచ్చినా తోక ఊపే రకం. కానీ మనిషి చెట్టెక్కితే మాత్రం సహించేవాడు కాదు. దింపులవాడు మోకు బిగించుకుని సగం చెట్టు దాకా వెళ్ళేసరికి కింద నిలబడి గొంతు చించుకునేవాడు. దిగాక వాడి కాళ్ళు వాసన చూసి, మనిషేనని నమ్మకం కుదిరాక వెళ్ళి పడుకునేవాడు. కొబ్బరి ముక్కలంటే ప్రాణం. నాతో బడి దాకా వచ్చి, రెండో గంట కొట్టేవరకు కిటికీ కింద కూర్చునేవాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అదే ఏడు వేసవిలో మా గేదె ఈనిన నెలకే దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు, పాలివ్వదు. అప్పట్లో దానికో ఉపాయం ఉండేది. ఆ పని తెలిసినాయన ఒకడు వచ్చి, దూడ తోలు వొలిచి, ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి, నాలుగు కర్రలు పెట్టి కుట్టేసి ఇచ్చాడు. పాలు పితికేటప్పుడు దాన్ని గేదె ముందు పెట్టేవారు. అది గడ్డి దూడని నాకుతూ నిలబడేది. అమ్మ పాలు పితికేది. నేను తలుపు పక్కనుంచి చూస్తూ, “దానికి తెలీదా అమ్మా?” అని అడిగాను. “ఏమోరా. మనకి పాలు కావాలిగా” అంది అమ్మ, చెంబులోంచి తల ఎత్తకుండానే.

ఆగస్టులో గట్టెక్కాం. గేదె, బియ్యం బస్తా, ఒక ట్రంకు పెట్టె, మామ్మ, మేము, కర్రోడు. గట్టు పొడుగునా ఊరు ఊరంతా బరకాలు కట్టుకుని ఉంది. వాన. ఒకపక్క గోదారి, రెండోపక్క గోదారిలా మారిన మా పొలాలు. నీళ్ళు చేరని మట్టి ఆ కట్ట ఒక్కటే కాబట్టి మనుషులతో పాటు పశువులు, వాటితో పాటు తేళ్ళు, పాములు అన్నీ అక్కడికే. పెద్దవాళ్ళు రాత్రంతా కర్రలు తాటిస్తూ కూర్చునేవారు. పడవలో పులిహోర పొట్లాలు వచ్చేవి. పిల్లలకి అదొక తిరునాళ్ళలాగే ఉండేది. నిజం చెప్పాలంటే మొదటి రోజంతా నాకు సంతోషంగానే ఉంది.

రెండో రాత్రి కర్రోడు తడిసి ముద్దయి మా బరకంలోకి దూరాడు. నా దుప్పటి మీద పడుకుని ఒళ్ళు విదిలించాడు. కంపు. నాకు కోపం వచ్చి, తాటాకు గొడుగు తీసుకుని ఒక్కటిచ్చి బయటికి తోలేశాను. వాడు కొంచెం దూరంలో, గేదెకి తెచ్చిన గడ్డికట్టల వైపు వెళ్ళడం చూశాను. తర్వాత నిద్రపోయాను.

పొద్దున్న లేచేసరికి వాడు లేడు. నాన్నగారు ఏటివైపు తిరిగి కూర్చుని ఉన్నారు. గోళ్ళ నిండా మట్టి. ఆ మట్టి నాకు గుర్తుండడమే ఆశ్చర్యం, గట్టు మీద అందరి గోళ్ళలోనూ మట్టే.

“కర్రోడేడి నాన్నగారూ?”

“ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాడురా. నీరు తీశాక వస్తాళ్ళే.”

ఆ నీరు తీయడానికి చాలా రోజులు పట్టింది. తీశాక ఇళ్ళల్లో మోకాలి లోతు ఒండ్రు. అందరూ ఆ పనిలో పడ్డారు. నేను మాత్రం బడి తెరిచిన రోజు నుంచీ సాయంత్రం రేవుకి వెళ్ళడం మొదలుపెట్టాను. కొబ్బరి ముక్క ఒకటి నిక్కరు జేబులో వేసుకుని, మెట్ల మీద కూర్చుని, పడవ వచ్చినప్పుడల్లా అందులో చూసేవాణ్ణి. ఈదుకుంటూ వెళ్ళినవాడు పడవెక్కి వస్తాడని ఎందుకనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. సరంగుని రోజూ అడిగేవాణ్ణి. పాపం ఆయన రెండు మూడు రోజులు లేదండీ లేదండీ అని, నాలుగో రోజు నా మొహం చూసి, “ఆయ్, ఉన్నాడండి అబ్బాయిగారూ, అవతల లంకలో అరటితోటలో చూశాను. బాగా ఒళ్ళు చేశాడు” అన్నాడు.

అది ఆయన దయ. కానీ ఆ దయ నన్ను కాల్చేసింది. ఉన్నాడు. ఒళ్ళు చేశాడు. అయినా రావట్లేదు. ఎందుకు రావట్లేదో నాకు తెలుసు, గొడుగుతో కొట్టింది నేనేగా. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. రాత్రుళ్ళు పక్క తడపడం మొదలుపెట్టాను, ఎనిమిదేళ్ళవాణ్ణి. అమ్మ దిష్టి తీసింది. తాయెత్తు కట్టించింది.

దసరా సెలవుల్లో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా పడవెక్కి అవతలి లంకకి వెళ్ళిపోయాను. అరటితోటల్లో “కర్రోడా, కర్రోడా” అని అరుచుకుంటూ పొద్దుగూకేదాకా తిరిగాను. ఎవరో గుర్తుపట్టి ఆఖరి పడవలో తెచ్చి అప్పగించారు. నాన్నగారు చింతబరికె తీసుకుని కొట్టారు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. కొట్టి, బరికె పెరట్లోకి విసిరేసి, అరుగు మీద కూర్చుండిపోయారు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఏదో చెబుతారన్నట్టు రెండుసార్లు నా వైపు చూశారు. చెప్పలేదు.

ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పెరిగాను. మా ఇంట్లో కుక్కలు వచ్చాయి, పోయాయి. నేను దేనికీ పేరు పెట్టలేదు. 1996 నవంబరు తుఫానుకి మా తోటలో సగం చెట్లు పడిపోయాయి. ఉద్యోగం, పెళ్ళి, అమలాపురంలో అద్దె పోర్షను. కర్రోడు ఆ వరదలోనే ఎక్కడో కొట్టుకుపోయి ఉంటాడని ఏదో ఒక వయసులో నాకే అర్థమైంది. ఎప్పుడర్థమైందో తెలీదు. నాన్నగారిని అడగలేదు. ఆయన 2021లో పోయారు.

రెండేళ్ళకి, 2023 దసరాకి ఊరెళ్ళినప్పుడు మా అమ్మాయి వీధికుక్క ఈనిన పిల్లల్లోంచి ఒకదాన్ని పట్టుకొచ్చింది. అమ్మాయికప్పుడు ఏడెనిమిదేళ్ళు, అచ్చం నా అప్పటి వయసు. కుక్కపిల్ల గుండ్రంగా, పైన గోధుమరంగులో, బేకరీ బన్నులాగే ఉంది. పేరు బన్ను. నేను వద్దన్నాను. నా మాట ఎవరు వింటారు?

కుక్కపిల్లలకి 6 నుంచి 8 వారాల మధ్య మొదటి టీకా వేయించాలి, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయిస్తూ ఉండాలి. ఇది నాకు తెలుసు. పశువుల డాక్టరు గారు చెప్పారు కూడా. ఆ ఆదివారం వెళ్దామనుకున్నాం. భీమవరంలో పెళ్ళి. తరవాతి ఆదివారం వాన. ఆ పైవారం ఎందుకు వెళ్ళలేదో గుర్తు కూడా లేదు. బన్ను ఒకరోజు పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు. మర్నాడు నెత్తురు విరేచనాలు, ఇల్లంతా భరించలేని వాసన. పార్వో అన్నారు డాక్టరు గారు. మనుషులకి రాదు. కుక్కపిల్లలకి మాత్రం యముడే. ఆ వైరస్‌ని నేరుగా చంపే మందు మన దగ్గర లేదు, ఒంట్లో నీరు ఇంకిపోకుండా సెలైన్ ఎక్కించడం, వాంతులు ఆపడం, దానికి బతకాలని ఉంటే బతుకుతుంది, అన్నారు. రెండు రోజులు ఎక్కించాం. అంత చిన్న కాలికి అంత సూది.

మూడోరోజు తెల్లవారుజామున నాలుగింటికి పోయింది. మా ఆవిడా నేనూ పక్కన ఉన్నాం. పాత తువ్వాలులో చుట్టి వరండాలో పెట్టాను. అమ్మాయి లేవడానికి ఇంకా రెండు గంటలుంది. ఊళ్ళో అమ్మకి ఫోన్ చేశాను. పల్లెటూరి మనిషి, నాలుగున్నరకే లేచి ఉంటుంది.

“అమ్మా, బన్ను పోయాడు. బుజ్జికి ఇంకా తెలీదు. ఒంట్లో బాగోలేదని నాన్నమ్మ దగ్గరికి పంపించేశామని చెప్తాను. నువ్వూ అదే మాట మీద ఉండు.”

అవతల కాసేపు మాట లేదు.

“ఎన్నాళ్ళు ఉండమంటావురా ఆ మాట మీద?”

“దాని ధ్యాస మళ్ళేదాకా.”

“నీ ధ్యాస ఎప్పుడు మళ్ళిందిరా కర్రోడి మీంచి?”

అప్పుడు చెప్పింది. కర్రోడు ఏరు దాటలేదు. ఆ రాత్రి గడ్డికట్టల్లో పాము కాటేసింది. తెల్లారగట్ట నాన్నగారు చూసేసరికి నోట్లోంచి నురగ వచ్చి, బిగుసుకుపోయి ఉన్నాడు. నేను లేచేలోపల తీసేయాలని, పార ఎవరినైనా అడిగితే గోల అవుతుందని, కొడవలితో, చేతులతో గొయ్యి తవ్వి గట్టు వాలులోనే పాతేశారు. పాతి వచ్చి అమ్మ పక్కన కూర్చుని ఏడ్చారట. “వాణ్ణి బరకంలోంచి తోలింది నువ్వు కదా. సంగతి తెలిస్తే నీ మూలానే చచ్చిపోయాడనుకుంటావని ఆయన భయం. నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడాయన లేరుగా, ఒట్టు తీరిపోయింది.”

తువ్వాలు మూట ముందు నిలబడి ఉన్నాను. నా మూలానే వెళ్ళిపోయాడనుకుంటూ బతికానమ్మా ఇన్నేళ్ళూ, అందామనిపించింది. అనలేదు. గడ్డి దూడని నాకుతున్న గేదె నాలుక చప్పుడు చెవిలో వినిపించింది.

అమ్మాయి లేచింది. పళ్ళు తోముకుంది. పక్కన కూర్చోబెట్టుకుని, “బన్ను రాత్రి చచ్చిపోయాడమ్మా” అన్నాను. ఆ మాట నోటి నుంచి రావడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. మనకి కావలసినవాళ్ళ విషయంలో మనం చచ్చిపోవడం అనే మాటే వాడం. పోయారు, వెళ్ళిపోయారు, దాటిపోయారు, దేవుడి దగ్గరికి వెళ్ళారు. అన్నీ ప్రయాణాలే. గడప దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనకూడదు, ‘వెళ్ళొస్తాను’ అనాలని పిల్లలకి నేర్పేదీ మనమే. మరి వెళ్ళిపోయినవాడు రాడని వాళ్ళకెలా తెలియాలి? ‘నిద్రపోయాడు’ అనేది ఇంకా అన్యాయం. ఆ రాత్రి నుంచి వాళ్ళు కళ్ళు మూసుకోవడానికి భయపడితే తప్పు ఎవరిది?

నేను ఊహించిన ఏడుపు రాలేదు. “చూడొచ్చా?” అంది. మా ఆవిడ వద్దన్నట్టు చూసింది. నేను మొహం వరకు తువ్వాలు తీసి చూపించాను. చెవి మీద వేలు పెట్టి, “చల్లగా ఉంది” అంది. తరవాత లోపలికి వెళ్ళి దోసె అడిగింది. రెండు తింది. మా ఆవిడకి బాధేసింది, ఇదేమిటి దీనికి ఏమీ లేదా అని. పిల్లల దుఃఖం వానాకాలపు జల్లులాంటిదేమో, పది నిమిషాలు కురిసి ఎండ కాసి, ఇంకెప్పుడో బట్టలు ఆరేసుకున్నాక మళ్ళీ కురుస్తుంది. అది కురిసింది బండి మీద ఊరు వెళ్తుంటే, దారి మధ్యలో. నా వీపుకి మొహం ఆనించి ఒక్కసారి గట్టిగా.

అమ్మ అప్పటికే తోటలో గొయ్యి తీయించి ఉంచింది. లోతుగా తీయమని, సున్నం చల్లమని డాక్టరు గారు చెప్పారు. మామూలుగా మా వైపు దూడలు, కుక్కలు చచ్చిపోతే కొబ్బరిచెట్టు మొదట్లోనే పాతుతారు, చెట్టుకి బలమని. అమ్మ ఒక కొబ్బరి మొక్క కూడా సిద్ధంగా పెట్టింది. కొబ్బరి మొక్క పెట్టే గోతిలో ఉప్పు వేయడం మా అలవాటు. ఆ ఉప్పు అమ్మాయి చేత వేయించింది. వేస్తూ వేస్తూ ఆగి అడిగింది: “నాన్నమ్మా, ఈ చెట్టుకి కాయలు కాస్తే మనం తింటామా?”

ఇలాంటి ప్రశ్నకి ఎవరి దగ్గరుంటుంది జవాబు? నేను నీళ్ళు నమిలాను. అమ్మ మాత్రం, “కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుందే. అప్పటికి నీకు తినాలనిపిస్తే తిను, లేకపోతే కాకినాడ పంపేద్దాం” అంది.

అసలు ప్రశ్న ఆ రాత్రి వచ్చింది. దీపం తీసేశాక, చీకట్లో.

“నాన్నా, ఇంజెక్షన్ వేయించుంటే బతికేవాడా?”

స్కూల్లో ఎవరో చెప్పారట. నా మీదున్న గౌరవమంతా ఆ చీకట్లో కళ్ళముందు కనబడింది. వేయించినా పోయేవాడేమోలే అనొచ్చు. అలా అనేసి పడుకోవచ్చు. “బతికేవాడేమోనమ్మా. చాలావరకు బతుకుతాయి. వేయించాల్సింది నేను. రేపు రేపు అని ఆగాను. తప్పు నాది” అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, “నేను ఆ రోజు వాడిని వాన్లో ఆడించాను. జలుబు చేసి చచ్చిపోయాడనుకున్నాను” అంది. మూడు రోజులుగా దాని కడుపులో ఉన్నది అది. జలుబుకీ పార్వోకీ సంబంధం లేదని, అది వేరే పురుగని, వాన్లో ఆడినందుకు రాలేదని పది రకాలుగా చెప్పాను. నమ్మినట్టే ఉంది. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అదీ నిజమే. భరించాను.

పొద్దున్నే కడుపునొప్పి అని బడి మానేయడం ఓ పది రోజులు నడిచింది. మా చుట్టాల్లో ఒకావిడ పిల్లలతో పనిచేసే కౌన్సెలరు. ఆవిడని అడిగితే, అది దొంగ నొప్పి కాదు, నిజం నొప్పే, దిగులు పిల్లలకి పొట్టలోంచి వస్తుంది అంది. ఐదారేళ్ళలోపు పిల్లలు చావంటే మళ్ళీ లేచి వచ్చేదే అనుకుంటారట, ఆ వయసు దాటేకొద్దీ అది ఇక తిరిగి రాదని, అందరికీ వస్తుందని అర్థమవుతుందట. “అందుకే ఇప్పుడు నీ గురించీ భయపడుతూ ఉంటుంది, అడిగితే చెప్పు” అంది. నిజమే. ఆ నెలలో నాకు రెండుసార్లు తుమ్ము వస్తే రెండుసార్లూ వచ్చి చూసింది.

అమ్మ తన పద్ధతిలో తను ఓదార్చింది. ధర్మరాజు కథ చెప్పింది, ఆఖరి ప్రయాణంలో వెంట వచ్చిన కుక్కని వదిలిపెట్టి స్వర్గానికి రానన్నాడని, ఆ కుక్క యమధర్మరాజేనని. అంతా విని అమ్మాయి, “అయితే ఆ కుక్క చచ్చిపోలేదుగా. తమ్ముళ్ళే చచ్చిపోయారు” అంది. అమ్మ ఇన్నేళ్ళలో ఆ సంగతి గమనించలేదట.

చుట్టాలందరి మాటా ఒకటే: ఇంకో పిల్లని తెచ్చిచ్చేయండి, మర్చిపోతుంది. మా బావమరిది లాబ్రడార్ మాట్లాడేశాడు కూడా. మమ్మల్ని ఆపింది తెలివితేటలు కాదు, వైరసే. అది నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది, ఆ ఇంట్లోకి కొత్త పిల్లని వెంటనే తేవద్దు అన్నారు డాక్టరు గారు. ఇల్లంతా బ్లీచింగ్‌తో కడిగాం. బన్ను గిన్నె కూడా పారేయమన్నారు. ఆ గిన్నె కోసం పెద్ద యుద్ధం జరిగింది. చివరికి బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, అటక మీద పెట్టాం. ఇంకా అక్కడే ఉంది.

పదకొండో రోజు అమ్మాయే వాళ్ళ నాన్నమ్మకి ఫోన్ చేసి, తాతయ్యకి చేసినట్టు బన్నుకి కూడా పెద్దకార్యం చేయాలంది. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది, ఎవరైనా వింటే ఏమంటారో అని. అమ్మ నవ్వలేదు. “ఆదివారం రండి” అంది. వెళ్ళేసరికి గారెలు వండింది. మంత్రాలూ అవీ ఏమీ లేవు. విస్తట్లో అన్నం, పెరుగు, ఒక గారె, రెండు కొబ్బరి ముక్కలు పెట్టి మొక్క దగ్గర ఉంచి, కాకి కోసం చూశాం. కాకి రాలేదు. ఎక్కడిదో వీధికుక్క వచ్చి రెండు నిమిషాల్లో విస్తరి నాకేసింది. నేను రాయి తీయబోతే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “వాడి చుట్టమే కదా నాన్నా.”

ఆ సాయంత్రం గట్టు మీదికి వెళ్ళాం ముగ్గురం. అమ్మాయికి కర్రోడి కథంతా అప్పటికే తెలుసు, అమ్మ చెప్పేసింది. గొడుగు సంగతితో సహా. “ఏ చోట నాన్నమ్మా?” అని అడిగింది. 86 తర్వాత గట్టు ఎత్తు చేశారు, వెడల్పూ చేశారు, మీద రోడ్డు కూడా వేశారు. పాత గట్టు ఈ గట్టు కడుపులో ఎక్కడో ఉంది. అమ్మ మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ, రావిచెట్టు దగ్గర మొదలుపెట్టి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. “మన బరకం ఇక్కడ. గేదె ఇక్కడ. గడ్డి ఇదిగో, ఇక్కడ. ఇక్కడే ఎక్కడో ఉండాలి. ఇంకో నాలుగడుగులు అటేమో.”

మా అమ్మాయి గౌను జేబులోంచి కొబ్బరి ముక్క ఒకటి తీసింది. విస్తట్లో పెట్టగా మిగిలింది దాచుకున్నట్టుంది. నా చేతిలో పెట్టింది.

అవతల లంకలో పొద్దు దిగుతోంది. రేవులో పంటు హారన్ కొట్టింది. చీకటి పడుతుందర్రా, పాములు తిరుగుతాయి అంటూ అమ్మ దాని చెయ్యి పట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టింది. “మీరు పదండి, వస్తాను” అన్నాను.